ఇస్కూలు అన్నందుకు నవ్వకండి

పోయిన నెల తువ్వాలు అనే మాట గురించి రాశాను. మన సోలాపూర్‌లో ఇంత మందికి కూడు పెట్టిన ఆ తువ్వాలు పేరు పోర్చుగీసు వాళ్ల నోటి నుంచి మనకు వచ్చిందని రాస్తే, చాలామంది దారిలో ఆపి మాట్లాడారు. ఒక పెద్దాయన, "నలభై ఏండ్లు నేసిన గానీ ఆ పేరు ఎక్కడిదని ఒక్కనాడు అడగలే" అన్నాడు. ఆ మాట వింటే నాకు కడుపు నిండింది.

ఈ నెల ఇంకో మాట పట్టుకొచ్చాను. ఇది మన మాట కాదు. మన పక్క రాష్ట్రం మాట కూడా కాదు. సముద్రాలు దాటి, బ్రిటన్‌లో పడమటి పక్కన ఉన్న వేల్స్ అనే చిన్న దేశపు మాట. అంత దూరం మాట మనకెందుకు అంటారేమో. దాని కథ తెలిశాక నా నోటి గురించి నాకున్న సిగ్గు ఒకటి పోయింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ సిగ్గు సంగతి చెప్తాను.

మా మనవడు ఇంగ్లీషు మీడియంలో ఐదో తరగతి. పిల్లల పెద్దలను పిలిచి మాట్లాడే రోజు వచ్చింది. కొడుకుకు పగటి పాళి. కోడలికి ఆరోజు కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే రోజు. ఇగ నేనే ఉతికిన ధోతి కట్టుకొని పోయాను. టీచరమ్మ మంచిగానే మాట్లాడింది. నాకొచ్చిన మరాఠీలో, "మా పిల్లవాడు ఇస్కూలుకు రోజూ సరిగ్గా వస్తున్నాడా?" అని అడిగాను. వెనక కూర్చున్న వాళ్లలో ఎవరో మెల్లగా "ఇస్కూల్" అని, నవ్వారు. ఇంకో ఇద్దరు కూడా నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. కానీ మా మనవడు తల దించుకున్నాడు.

ఇంటికి వచ్చే దారిలో వాడు చాలాసేపు మాట్లాడలేదు. చాళి మలుపు దగ్గరికి వచ్చాక, "తాతా, ఇస్కూలు కాదు, స్కూల్. వచ్చేసారి మమ్మీని పంపు" అన్నాడు. పిల్లవాడు, వాడి తప్పేం లేదు. నేను సరే అన్నాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాది నాలుగో తరగతి చదువు. మా అయ్యకు దమ్ము పట్టి సాంచా నడపలేకపోతే, నన్ను బడి మాన్పించి కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. పద్దెనిమిది నిండాక మిల్లులో బదలీ కార్మికుడిగా చేరాను. మిల్లు బొంగా కొడితే లేవడం, బొంగా కొడితే పోవడం. ఇప్పుడు అరవై దాటినా చదువు తక్కువన్న మాట లోపల ముల్లులాగానే ఉంది. మనవడు ఆ ముల్లు మీదనే కాలు పెట్టాడు.

ఇంతలో ఒక పని జరిగింది. మా చాళి పిల్ల ఒకామె నర్సు చదివి, వేల్స్‌లో కార్డిఫ్ అనే పట్నంలో ఆసుపత్రిలో పని చేస్తున్నది. పండగలకు ఫోన్ చేసి "పెద్దబాపూ, మంచిగున్నవా?" అని అడుగుతుంది. నేను మాటల పిచ్చివాణ్ణని తెలుసు గదా, ఒకరోజు ఫోటో పంపింది. ఒక బడి ముందు రోడ్డు. నల్లటి రోడ్డు మీద తెల్ల రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. ఒక వరుసలో స్కూల్ అని ఇంగ్లీషులో ఉంది. దాని పైన ఇంకో మాట. "ఇది వీళ్ల భాష పెద్దబాపూ. అస్గోల్ అంటరు. అర్థం స్కూలే" అన్నది.

అస్గోల్. ఆ మాట రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాను. ముందు ఒక "అ", ఆ తర్వాత "స్గోల్". మనం ముందు "ఇ" పెట్టి ఇస్కూలు అంటాం. వాళ్లు ముందు "అ" పెట్టి అస్గోల్ అంటారు. నాకు నవ్వొచ్చింది. ఆ మాట పుట్టుపూర్వం కనుక్కొమ్మని ఆమెను బతిమాలాను. ఆమె తన తోటి పనివాళ్లను అడిగి చెప్పింది. మిగిలింది నేను గ్రంథాలయంలో మాస్టారు సాయంతో చదివి తెలుసుకున్నాను.

వెల్ష్ వాళ్ల భాషది చాలా పాత వేరు. ఇంగ్లీషు వాళ్లు ఆ దీవికి రాకముందు నుంచీ అక్కడి జనం మాట్లాడిన భాష నుంచి పుట్టింది. క్రీ.శ. 43లో రోమన్ సైన్యం బ్రిటన్ మీదికి వచ్చింది. మూడు వందల యాభై ఏండ్లకు పైగా అక్కడే ఉంది. కార్డిఫ్‌కు దగ్గర్లోనే కార్లియన్ అనే ఊళ్లో వాళ్ల పెద్ద కోట ఉండేది, దాని గోడలు ఇప్పటికీ ఉన్నాయి. రోమన్ల భాష లాటిన్. సైన్యం వచ్చిందంటే దాని వెంట రోడ్లు, లెక్కలు, సంత, పేర్లు అన్నీ వస్తాయి గదా. అట్లా లాటిన్ మాటలు వందల సంఖ్యలో అక్కడి జనం నోట్లోకి వచ్చాయి. వంతెనను లాటిన్‌లో పోన్స్ అంటే, వెల్ష్‌లో పోంట్ అంటారు. కిటికీ లాటిన్‌లో ఫెనెస్ట్రా, వెల్ష్‌లో ఫెనెస్టర్. బడి లాటిన్‌లో స్కొలా, వెల్ష్‌లో అస్గోల్.

సుమారు క్రీ.శ. 410 నాటికి రోమన్ల పాలన అక్కడ ముగిసింది. సైన్యం పోయింది, మాటలు ఉండిపోయాయి. మన మిల్లుల బొంగాలు ఆగి ఎన్నో ఏండ్లయింది. అయినా పాళి, బదలీ, జాబరు అనే మాటలు మన ముసలివాళ్ల నోట్లో ఆగలేదు. అట్లాంటిదే.

మరి ముందు ఆ "అ" ఎందుకు వచ్చింది? స, క రెండూ అతుక్కొని మాట మొదట్లోనే వస్తే కొన్ని భాషల వాళ్లకు నాలుక తిరగదు. ఎత్తు గడప ముందు ఒక రాయి వేసుకొని ఎక్కినట్టు, ముందు ఒక చిన్న అచ్చు వేసుకొని మాటలోకి ఎక్కుతారు. వెల్ష్ వాళ్లు ఒక్క బడి మాటకే కాదు, ఇట్లాంటి లాటిన్ మాటలకు ఎన్నింటికో ఈ రాయి వేశారు. లాటిన్‌లో రాయడాన్ని స్క్రీబెరే అంటే, వెల్ష్‌లో అస్గ్రివెన్ని. ఆత్మ లాటిన్‌లో స్పిరితుస్, వెల్ష్‌లో అస్బ్రిడ్.

వాళ్లొక్కరే కాదు. అదే లాటిన్ మాట స్పెయిన్ వాళ్ల దగ్గర ఎస్క్వేలా అయింది. వాళ్ల రాయి "ఎ". పోర్చుగీసు వాళ్లు ఎస్కోలా అని రాస్తారు. మనం ఇస్కూలు, ఇస్టేషను అంటాం. మన రాయి "ఇ". వాళ్లను చూసి మనం నేర్చుకోలేదు, మనల్ని చూసి వాళ్లు నేర్చుకోలేదు. మనిషి నోరు ఎక్కడైనా నోరే. ఒకే ఇబ్బంది వస్తే ఒకే ఉపాయం వెతుక్కుంటుంది.

తేడా ఎక్కడుందంటే, స్పెయిన్‌లో, వేల్స్‌లో ఆ ఉపాయం పుస్తకం ఎక్కింది. పంతుళ్లు అదే రాస్తారు, పిల్లలు అదే చదువుతారు, రోడ్డు మీద తెల్ల రంగుతో అదే వేస్తారు. మనది పుస్తకం ఎక్కలేదు. అందుకే వాళ్లది భాష అయింది, మనది తప్పు అయింది.

ఇంకో సంగతి. ఎవరి మాట అనుకొని మనవాళ్లు "స్కూల్" అని గొప్పగా పలుకుతారో, ఆ ఇంగ్లీషు వాళ్లకు కూడా అది సొంత మాట కాదు. వాళ్లు కూడా ఆ లాటిన్ దుకాణంలోనే తెచ్చుకున్నారు. లాటిన్ వాళ్లేమో గ్రీకుల దగ్గర తెచ్చుకున్నారు. అరువు తెచ్చుకున్న వాడు ఇంకో అరువు తెచ్చుకున్న వాణ్ణి చూసి నవ్వితే ఏం బాగుంటుంది?

ఇంకా రెండు చిన్న మాటలు చెప్తాను, మన బట్టల పనివాళ్లకు నచ్చుతాయి. పత్తిని వెల్ష్‌లో కోటుమ్ అంటారు. ఇంగ్లీషు కాటన్ నుంచి తెచ్చుకున్నారు. ఇంగ్లీషు వాళ్లకు ఫ్రెంచి వాళ్ల నుంచి, ముందుగా అరబ్బుల కుత్న్ అనే మాట నుంచి వచ్చింది. వెల్ష్ వాళ్లు చివరి "న"ను "మ" చేసుకున్నారు. బటన్‌ను కూడా అట్లాగే బోటుమ్ అంటారు. మనం ఏమంటాం? బొత్తాము. మనకు అది పోర్చుగీసు నుంచి వచ్చింది, దారి వేరు. చివరికి మాత్రం వాళ్లకూ మనకూ "మ" తోనే ఆగింది.

రెండోది మిల్లు. వెల్ష్‌లో మెలిన్. లాటిన్‌లో మోలినా అనే మాట నుంచి వచ్చింది, పిండి విసిరే చోటు అని అర్థం. ఇంగ్లీషు మిల్ కూడా ఆ వేరు నుంచే. అంటే మనం జీవితమంతా పోయిన మిల్లు, మనం పోలేకపోయిన ఇస్కూలు, రెండూ ఒకే ఇంటి నుంచి బయల్దేరిన మాటలు. ఈ సంగతి తెలిసిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అట్లాగే కూర్చున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వెల్ష్‌లో అస్గోల్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి బడి. రెండోది నిచ్చెన. గోడకు ఆనించి ఎక్కే నిచ్చెన. ఎవరో కవి కట్టిన పోలిక కాదు ఇది. లాటిన్‌లో రెండు వేరు వేరు మాటలున్నాయి. బడికి స్కొలా, నిచ్చెనకు స్కాలా. వెల్ష్ నోట్లో కాలం గడిచిన కొద్దీ స్కాలాలో ఉన్న "ఆ" మెల్లగా "ఓ" వైపు తిరిగింది. రెండు మాటలూ నలిగి నలిగి ఒకటే అయ్యాయి. రెండు రంగుల నూలు ఉతికి ఉతికి ఒకే రంగుకు వచ్చినట్టు. కానీ అర్థం చూడండి, ఎంత సరిగ్గా కుదిరిందో. బడి ఎక్కినవాడు పైకి పోతాడు. నాలుగో మెట్టు మీద నన్ను దింపారు. దిగిన చోటు నుంచే నేను జీవితమంతా పైకి చూశాను.

ఇంకా వెనక్కి, గ్రీకుల దగ్గరికి పోతే స్ఖోలే అనే మాటకు మొదటి అర్థం బడి కాదు. తీరిక. చేతిలో పని లేని సమయం. తీరిక ఉన్నవాళ్లు కూర్చొని మాట్లాడుకునేవారు, వాదించుకునేవారు, నేర్చుకునేవారు. అట్లా తీరిక అనే మాట మెల్లగా నేర్చుకునే చోటుకు పేరైంది. ఆ గ్రీకుల ఇళ్లలో పని చేయడానికి బానిసలుండేవారు. పొలం పని, ఇంటి పని వాళ్లది, తీరిక యజమానిది. అందుకే బడి కూడా యజమానిదే. అది చదివాక నాకు అర్థమైంది. మా అయ్య నన్ను బడి మాన్పించింది తెలివి లేక కాదు, ప్రేమ లేక కాదు. మా ఇంట్లో తీరిక లేదు. అంతే.

తీరిక లేనివాళ్లకు కూడా బడి కావాలని వేల్స్‌లో కొందరు గట్టిగా పట్టుబట్టారు. 1730 దాటాక గ్రిఫిత్ జోన్స్ అనే చర్చి గురువు తిరిగే బళ్లు పెట్టాడు. పంతులు ఒక ఊళ్లో మూడు నెలలు ఉండి చదవడం నేర్పి ఇంకో ఊరికి పోతాడు. పగలు పిల్లలకు, పని దిగి వచ్చాక పెద్దవాళ్లకు. జనం మాట్లాడే వెల్ష్ భాషలోనే. బైబిలు చదివించాలన్నది ఆయన కోరిక. కానీ దానివల్ల వేల వేల మంది కూలివాళ్లకు అక్షరం వచ్చింది.

ఆ తర్వాత రాబర్ట్ ఓవెన్. 1771లో వేల్స్‌లో న్యూటౌన్‌లో పుట్టాడు. పదేండ్ల వయసుకే బడి మానేసి బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. మనలాంటివాడే. తర్వాత స్కాట్లాండ్‌లో న్యూ లానార్క్ అనే చోట పెద్ద నూలు మిల్లు నడిపించే స్థాయికి వచ్చాడు. పదేండ్ల లోపు పిల్లలను మిల్లులోకి రానివ్వొద్దన్నాడు. 1816 జనవరి 1న ఆ మిల్లు పక్కనే కార్మికుల పిల్లలకు బడి తెరిచాడు. చిన్న చిన్న పిల్లలు కూడా వచ్చి ఆడుతూ పాడుతూ నేర్చుకునేవారు. పని దిగిన పెద్దలకు రాత్రి పాఠాలు ఉండేవి. మిల్లు పక్కన బడి. మెలిన్ పక్కన అస్గోల్.

కానీ వేల్స్ కథంతా ఇంత మంచిగా లేదు. 1847లో ప్రభుత్వం వేల్స్ బళ్ల మీద విచారణ చేయించింది. వచ్చిన ముగ్గురు పెద్దమనుషులకు వెల్ష్ భాష రాదు. ఆ భాష వల్లనే జనం వెనకబడి ఉన్నారని రాసి పోయారు. ఆ కాలంలో చాలా బళ్లలో ఒక పద్ధతి ఉండేది. పిల్లవాడు బడిలో వెల్ష్ మాట్లాడితే మెడలో ఒక చెక్కముక్క వేస్తారు. వాడు ఇంకెవరైనా వెల్ష్ మాట్లాడుతుంటే పట్టిస్తే, చెక్క వాడి మెడలోకి మారుతుంది. సాయంత్రం బడి వదిలేప్పటికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. ఆలోచించండి. అస్గోల్‌లో కూర్చొని అస్గోల్ అంటే దెబ్బలు. తోటివాణ్ణి పట్టిస్తేనే తప్పించుకోవడం.

ఆ రోజు మీటింగులో నా మెడలో చెక్క ఎవరూ వేయలేదు. కానీ ఆ నవ్వు వినగానే మా మనవడు తల దించాడు చూడండి, చెక్క వాడి మెడలో పడింది. ఇంటి దారిలో వాడు దాన్ని నా మెడలో వేశాడు. ఎవరూ చెప్పకుండానే ఆట నడిచిపోయింది.

వేల్స్ వాళ్లు అక్కడితో ఆగలేదు. 1939లో ఆబెరిస్ట్‌విత్ అనే ఊళ్లో తమ భాషలోనే పాఠాలు చెప్పే చిన్న పిల్లల బడి మొదలుపెట్టారు. ఎంతమందితో అనుకుంటున్నారు? ఏడుగురు పిల్లలతో. ఇవాళ అట్లాంటి బళ్లు ఆ దేశంలో వందల్లో ఉన్నాయి. అయినా 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్లు సుమారు 5,38,000 మందే, పదేండ్ల కిందటి కంటే తక్కువ. రోడ్డు మీద రంగు వేసినంత మాత్రాన భాష బతకదు, ఇంట్లో పలకాలి, పిల్లలకు అక్షరం రావాలి. వాళ్లకే ఇంత కష్టమైతే మన సంగతేంది?

మన సంగతి చెప్తాను, మా ఇంటిదే. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుతాం. కానీ ఈ పత్రిక చదవగలిగేది నేనొక్కణ్ణే. కొడుకు మరాఠీలో చదివాడు, మనవడు ఇంగ్లీషులో. నెల నెలా పత్రిక వస్తే నేను పైకి చదివి వినిపిస్తాను. మీలో చాలా ఇళ్లలో కూడా అంతే గదా. ఇంటికొక్క ముసలివాడో ముసలమ్మో చదవాలి, మిగతావాళ్లు వినాలి. మేం పోయాక ఈ అక్షరాలు ఎవరు చదువుతారు? మరాఠీ వద్దని నేను అనను, అది కూడు పెట్టిన గడ్డ మాట. ఇంగ్లీషు వద్దని అసలే అనను. నిచ్చెనకు ఎన్ని మెట్లుంటే అంత మంచిది. కానీ మన మెట్టు ఊడదీసి ఇంకో మెట్టు వేయనక్కర్లేదు.

అందుకే ఒక పని మొదలుపెట్టాను. మా చాళిలో రామాలయం అరుగు మీద ఆదివారం పొద్దున గంటసేపు తెలుగు అక్షరాలు చెప్తున్నాను. నాకు పెద్ద వ్యాకరణం రాదు. నాలుగో తరగతి వరకు నేర్చింది నేర్పిస్తాను. ఇప్పటికి ఐదుగురు పిల్లలు వస్తున్నారు. ఆబెరిస్ట్‌విత్ కంటే ఇద్దరు తక్కువ.

మా మనవడు మొదటి రెండు వారాలు రాలేదు. దూరంగా సైకిల్ మీద కూర్చొని చూసేవాడు. నేను పిలవలేదు. అస్గోల్ కథ మాత్రం ఒక రాత్రి వాడికి చెప్పాను, చెక్కముక్క సంగతితో సహా. ఏం అనలేదు. మూడో ఆదివారం వచ్చి చివర కూర్చున్నాడు. ఆ రోజు అచ్చులు. "ఇ" రాయించి, దీనితో మొదలయ్యే మాట చెప్పమన్నాను. ఒకడు ఇల్లు అన్నాడు, ఇంకొకామె ఇడ్లీ అన్నది. మా వాడు నా మొహం చూడకుండా "ఇస్కూలు" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ పలక మీద అది కూడా రాయించాను.

మీ చాళిలో, మీ వాడలో గుడి అరుగు ఉంటే, అక్షరం వచ్చిన ముసలివాళ్లు ఉంటే, వారానికి ఒక గంట తీరిక చేసుకోండి. తీరిక అంటేనే బడి అని గ్రీకులే చెప్పారు గదా. ఏడుగురు దొరకకపోతే ఇద్దరితో మొదలుపెట్టండి. మీ ఇంట్లో ముసలివాళ్లు పలికే మాటలు, పిల్లలు నవ్వే మాటలు ఏమైనా ఉంటే చీటీ రాసి పత్రికకు పంపండి. వచ్చే నెల వాటిలో ఒకటి పట్టుకొని మళ్లీ కలుస్తాను.